వాసన పోయాక దేజాంగ్‌గుమ్ చూస్తున్నాను: "రుచిని గీయడం" నిజంగా కుదురుతుందా?

నీలిగిన్నె, సువాన్ (నవంబర్ 3)

అందరికీ నమస్కారం. కొరియాలో ఉంటున్న మన తెలుగువాళ్ళలో దేజాంగ్‌గుమ్ అనే ఈ కొరియన్ టీవీ సీరియల్ చూసినవాళ్ళు చాలామందే ఉంటారు. నేనే ఇరవై ఏళ్ళు ఆలస్యంగా మొదలుపెట్టాను. అడగాల్సింది రెండు ముక్కల్లో అడగొచ్చు. కానీ ఎందుకు అడుగుతున్నానో చెప్పకపోతే జవాబు చెప్పేవాళ్ళకి అర్థం కాదు, అందుకని కొంచెం పెద్దగా రాస్తున్నాను.

మేం సువాన్‌కి వచ్చి ఐదేళ్ళయింది. మొన్న ఏప్రిల్‌లో ఇంట్లో ముగ్గురికీ జ్వరం వచ్చింది. మావారికీ పాపకీ వారంలో తగ్గిపోయింది. నాకూ తగ్గింది, కానీ వాసన పోయింది. ముక్కు దిబ్బడ లేదు, గాలి బాగానే ఆడుతుంది, వాసన మాత్రం లేదు. జలుబు తాలూకేలే అనుకున్నాను. మే అయింది, జూన్ అయింది, రాలేదు.

జులైలో ఒకరోజు పొయ్యి మీద ద్వెంజాంగ్ జిగే (పులియబెట్టిన సోయా ముద్దతో చేసే పులుసు) పెట్టి, పాప హోంవర్క్ చూస్తూ కూర్చున్నాను. కాలింగ్ బెల్ ఆగకుండా మోగుతుంటే వెళ్ళి తలుపు తీశాను. ఎదురింటి హల్మోని, అంటే బామ్మ. నన్ను తప్పించుకుని లోపలికి వెళ్ళి గ్యాస్ కట్టేసింది. మట్టి గిన్నె అడుగున నల్లగా పెచ్చు కట్టింది, వంటింట్లో పొగ. తలుపులు మూసుకున్న ఎదురింట్లో ఆవిడకి తెలిసిన మాడు వాసన, పక్క గదిలో ఉన్న నాకు తెలియలేదు. ఆవిడ ఒక్క మాట అనలేదు. కిటికీలన్నీ తీసి, వచ్చి నా పక్కన కూర్చుని, నా చెయ్యి పట్టుకుంది. అప్పుడు ఏడ్చాను, ఆ మూడు నెలల్లో మొదటిసారి.

దేజాంగ్‌గుమ్ చూడమని చెప్పింది ఆ హల్మోనియే. "అందులో ఆ పిల్లకి కూడా రుచి పోతుంది, అయినా వండుతుంది, చూడు" అంది. నాకు వచ్చిన కొరియన్‌తో అంతవరకే అర్థమైంది.

చూడనివాళ్ళ కోసం: ఇది కొరియా టీవీ ఛానల్ ఎంబీసీలో 2003 సెప్టెంబర్ నుంచి 2004 మార్చి దాకా సోమ, మంగళవారాల్లో వచ్చిన సీరియల్. 54 ఎపిసోడ్లు. 16వ శతాబ్దం, జుంగ్‌జోంగ్ రాజు కాలం. తల్లిదండ్రులు లేని పిల్ల రాజుగారి వంటశాల సురాగాన్‌లో చేరి వంట నేర్చుకుంటుంది. తర్వాత వైద్యురాలవుతుంది. పెద్దయిన జాంగ్‌గుమ్‌గా లీ యంగ్-ఏ వేసింది. ఆవిడకి వంట నేర్పే హాన్ సాంగుంగ్‌గా యాంగ్ మి-క్యుంగ్ (సాంగుంగ్ అంటే కోటలో పనిచేసే ఆడవాళ్ళలో పెద్ద హోదా). నాకైతే కథంతా ఈవిడ ముఖంలోనే ఉందనిపిస్తుంది. మాట పూర్తయ్యాక ఒక క్షణం ఊరుకుని, అప్పుడు చూపు తిప్పుతుంది. ఆ ఒక్క క్షణం కోసం నేను ఎపిసోడ్ వెనక్కి తిప్పుతుంటాను.

ఇక నన్ను పట్టుకున్న సీన్. జాంగ్‌గుమ్ ఇంకా చిన్నపిల్ల. కొత్తగా వచ్చిన పెద్ద సాంగుంగ్ పిల్లలందరికీ ఒక వంటకం రుచి చూపించి, ఇందులో తీపి దేనివల్ల వచ్చిందో చెప్పమంటుంది. మిగతావాళ్ళు ఏవేవో చెబుతారు. ఈ పిల్ల మెల్లగా "హోంగ్సి" అంటుంది. బాగా మగ్గి, పట్టుకుంటే చితికిపోయేట్టు ఉండే కాకిపండును (పెర్సిమన్‌ను) ఇక్కడ హోంగ్సి అంటారు కదా, అది. ఎలా చెప్పగలిగావని అడిగితే పిల్ల తికమకపడిపోతుంది. నోట్లో హోంగ్సి రుచి తగిలింది కాబట్టి హోంగ్సి అన్నాను, ఎందుకు అనుకున్నావంటే ఏం చెప్పాలి, అన్నట్టు చూస్తుంది. ఆ పిల్ల కళ్ళలో ఉన్నది గొప్ప కాదు, భయం కాదు. ఇంత మామూలు విషయాన్ని ఎందుకు అడుగుతున్నారా అన్న ఆశ్చర్యం.

ఆ సీన్ నాలుగుసార్లు చూశాను. మర్నాడు పాల్దల్‌మున్ మార్కెట్‌కి వెళ్ళి హోంగ్సి పళ్ళు కొనుక్కొచ్చాను. చెంచాతో తోలు విప్పి నోట్లో పెట్టుకున్నాను. తియ్యగా ఉంది. చల్లగా, జారుడుగా ఉంది. అంతే. పోయిన ఏడాది అదే పండులో ఎండిన ఆకుల్లాంటి, తేనెలాంటి ఒక వాసన ఉండేది, గింజ చుట్టూ ఉండే జిగురులో అయితే ఇంకా ఎక్కువ. కళ్ళు మూసుకుంటే అది ఎక్కడుండాలో నాకు తెలుస్తోంది. నోట్లో మాత్రం ఆ చోటు ఖాళీ. అందరూ "రుచి తెలుస్తోంది కదా, మరింకేం" అంటారు. హోంగ్సి తీపి తెలుస్తోంది, హోంగ్సి తెలియడం లేదు. ఆ రెంటికీ మధ్య ఉన్నదేమిటో ఇంట్లో చెప్పలేకపోతున్నాను.

ఇప్పుడు అసలు ప్రశ్న. పెద్దయ్యాక జాంగ్‌గుమ్‌కి రుచి పోతుంది. వంటమనిషికి అంతకన్నా పెద్ద దెబ్బ ఏముంటుంది! వంటశాల నుంచి పంపించేస్తారేమోనని ఆ పిల్ల వణికిపోతుంటే, హాన్ సాంగుంగ్ ఆమెను వదలదు. నీకు రుచిని గీసే శక్తి ఉంది అంటుంది. అంటే వండకముందే, ఏది ఎంత వేస్తే ఏమవుతుందో మనసులో బొమ్మలా చూడగలగడం. నోటితో చూడకుండానే వండమంటుంది, ఆ పిల్ల వండుతుంది.

ఇది నిజంగా అవుతుందా, కథ కాబట్టి అయిందా?

నా సంగతి చెబుతాను. ఉప్పు ఫర్వాలేదు. పులుపు, కారం తెలుస్తున్నాయి. నువ్వుల నూనె దగ్గర ఓడిపోతున్నాను. పాలకూర నముల్ (ఉడికించి మసాలా కలిపే ఆకుకూర) కలిపేటప్పుడు ఒక చెంచా వేస్తాను, నా ముక్కుకి ఏమీ ఉండదు, వెయ్యలేదేమో అనిపించి ఇంకో చెంచా వేస్తాను. పోయినవారం మూడు వేసినట్టున్నాను. మావారు మాట్లాడకుండా తిన్నారు. పాప మాత్రం "అమ్మా, జిడ్డుగా ఉంది" అని గిన్నె పక్కకి జరిపేసింది.

ఇక్కడివాళ్ళు ఉప్పూ కారం సరిచూడటాన్ని "కాన్ చూడటం" అంటారు, నిజంగా చూడటం అనే మాటే. మనమూ రుచి చూడటం అంటాం. రెండు భాషలూ నాలుక పనికి కంటి మాట ఎందుకు వాడాయో ఇన్నాళ్ళూ ఆలోచించలేదు. ఇప్పుడు రోజూ దాని గురించే ఆలోచిస్తున్నాను. వాసన పోయాక కూడా వంట చేస్తున్నవాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉంటే, ఎలా చేస్తున్నారో చెప్పండి. సీరియల్ మీద మీకేమనిపించినా రాయండి. నేనింకా సగంలోనే ఉన్నాను, తర్వాతి కథ మాత్రం చెప్పకండి.


తాబేలునడక, దేజాన్ (నవంబర్ 3)

అక్కా, మీ పోస్ట్ రెండుసార్లు చదివాను. నాకు వాసన సంగతి తెలియదు, సీరియల్ సంగతి తెలుసు. మూడుసార్లు మొత్తం చూశాను. మూడోసారి, నాకిక్కడ చదువు సాగక గదిలోంచి బయటికి రాని రోజుల్లో.

మీరు దాటేసిన సీన్ ఒకటి గుర్తుచేస్తాను, మంచినీళ్ళ సీన్. చిన్న జాంగ్‌గుమ్‌ని హాన్ సాంగుంగ్ మంచినీళ్ళు తెమ్మంటుంది. తెస్తుంది. మళ్ళీ తెమ్మంటుంది. ఏ నీళ్ళు తెచ్చినా మళ్ళీ తెమ్మంటుందే తప్ప తప్పేమిటో చెప్పదు. పాపం ఆ పిల్ల రాత్రుళ్ళు కూర్చుని ఆలోచిస్తుంది. చివరికి వాళ్ళమ్మ గుర్తొస్తుంది. అమ్మ నీళ్ళిచ్చే ముందు ఏవేవో అడిగేది కదా అని. అప్పుడు నీళ్ళు తేకుండా హాన్ సాంగుంగ్‌నే అడుగుతుంది: కడుపు నొప్పిగా ఉందా, విరేచనం అయిందా, గొంతు నొప్పిగా ఉందా? గొంతు కొంచెం నొప్పిగా ఉందంటుంది ఆవిడ. పిల్ల గోరువెచ్చటి నీళ్ళలో చిటికెడు ఉప్పు వేసి తెచ్చి, టీ తాగినట్టు కొంచెం కొంచెంగా తాగమంటుంది. గిన్నెలో పోసి ఇచ్చాక నీళ్ళు కూడా వంటే అని ఆ రోజు పిల్లకి తెలుస్తుంది.

గమనించండక్కా, ఆ పరీక్షలో ఆ పిల్ల నాలుకతో పనే లేదు. నోరు విప్పి అడగడమే పాఠం.

ఇంకోటి. చైనా మింగ్ రాజ్యం నుంచి రాజదూత వచ్చినప్పుడు ఆయనకి మధుమేహం ఉందని తెలుస్తుంది. విందంటే మాంసం, నూనె, తీపి ఉండాలి. హాన్ సాంగుంగ్, జాంగ్‌గుమ్ మాత్రం కూరగాయలతో సాదా భోజనం పెడతారు. దూతకి కోపం వస్తుంది, రాజ్యానికే ముప్పొచ్చేంత కోపం. అయినా వీళ్ళు వెనక్కి తగ్గరు. తినేవాడికి హాని చేసే తిండి, వాడు అడిగినా సరే, పెట్టకూడదన్నది వాళ్ళ పట్టు. కొన్నాళ్ళు తిన్నాక ఆ దూతే ఒప్పుకుంటాడు.

మీ ప్రశ్నకి నా జవాబు ఏమిటంటే, రుచిని గీయడం కుదురుతుంది, కానీ ఆ బొమ్మ మీ నోట్లోది కాదు, తినేవాళ్ళ నోట్లోది. హాన్ సాంగుంగ్ ఆ పిల్లలో చూసింది అదేనని నా నమ్మకం. మీ పాప "జిడ్డుగా ఉంది" అని గిన్నె జరిపింది చూశారా, అంత ఖచ్చితంగా చెప్పే మనిషి ఇంట్లో ఉంటే మీకు సగం పని అయిపోయినట్టే. ఒక పని చెయ్యండి. వండిన తర్వాత "ఎలా ఉంది" అని కాదు, వండుతుండగానే పాపని పిలిచి చూపించండి. ఎక్కువైందా, చాలా, ఇంకొంచెమా, అంతే అడగండి.

నాకు మా అమ్మ ఫోన్ చేసి ఎప్పుడూ "తిన్నావా" అనే అడిగేది. ఈ సీరియల్ చూశాక నేను "నువ్వేం తిన్నావమ్మా, కాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి" అని అడగడం మొదలుపెట్టాను. ఆవిడ మొదటిసారి ఒక నిమిషం మాట్లాడలేదు.


జేపీ, బుసాన్ (నవంబర్ 4)

నీలిగిన్నె గారూ, నేను ఫార్మసీలో రీసెర్చ్ చేస్తున్నాను. డాక్టర్ని కాను, అందుకని మొదటి మాట: ఇప్పటికీ వెళ్ళకపోయి ఉంటే ఇబీఇన్హుక్వాకి, అంటే చెవి ముక్కు గొంతు క్లినిక్‌కి, వెళ్ళండి. 2019 జులై నుంచి ఆరు నెలలు దాటి ఉండే విదేశీయులందరికీ ఇక్కడ జాతీయ ఆరోగ్య బీమా తప్పనిసరి చేశారు కాబట్టి మీకు ఉండే ఉంటుంది. ఏడు నెలలు ఊరికే ఎదురుచూడటం మంచిది కాదు.

మీరు "హోంగ్సి తీపి తెలుస్తోంది, హోంగ్సి తెలియడం లేదు" అని రాశారు. దీన్ని ఇంతకన్నా బాగా చెప్పలేం. నాలుకకి తెలిసేవి తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఆపైన ఉమామి, అంటే మాంసం, పులియబెట్టిన సోయా లాంటివాటిలో ఉండే రుచి. అంతే. మిగతాదంతా నమిలేటప్పుడు నోటి వెనక నుంచి ముక్కులోకి వెళ్ళే వాసన. మనిషి ముక్కులో వాసన పట్టే గ్రాహకాలు దాదాపు 400 రకాలు ఉన్నాయి. హోంగ్సిని హోంగ్సి చేసేది అవే. కారం మాత్రం ఈ రెంటిలోనూ లేదు. మిరపకాయ మంట, అల్లం ఘాటు, పుదీనా చల్లదనం ముఖానికి స్పర్శ తెలిపే నరం ద్వారా తెలుస్తాయి. అందుకే మీకవి మిగిలాయి.

సీరియల్‌లో చెప్పినంత కాకపోయినా, మీ చేతిలో ఇంకా చాలా ఉన్నట్టే. ఎండు చేపలు, దసిమా అనే సముద్రపు నాచు వేసి కాచిన నీళ్ళు, ద్వెంజాంగ్, సోయా సాస్, వీటిలో ఉన్న ఉమామి మీ నాలుకకి పూర్తిగా అందుతుంది. కక్తూగి (ముల్లంగి కిమ్చి) కరకర, చల్లటి నెంగ్‌మ్యోన్ నూడుల్స్, ఆవాల ఘాటు, ఇవన్నీ మీవే. నువ్వుల నూనె, పెరిల్లా ఆకు లాంటివి మాత్రం పూర్తిగా వాసన సరుకులు. వాటికి కొలత చెంచా పెట్టుకుని, ఒకసారి వేశాక సీసా లోపల పెట్టేయండి.

వాసనకి వ్యాయామం ఉంది. 2009లో జర్మనీలో థామస్ హుమెల్ బృందం గులాబీ, యూకలిప్టస్, నిమ్మ, లవంగం, ఈ నాలుగు వాసనలతో రోజుకు రెండుసార్లు, 12 వారాలు చేయించి చూసింది. చేసినవాళ్ళలో మెరుగుదల కనిపించింది, ఇప్పుడు చాలాచోట్ల డాక్టర్లు దీన్ని సూచిస్తున్నారు. ఒక్కోటి పది, పదిహేను సెకన్లు ముక్కు దగ్గర పెట్టుకుని, ఆ వాసన ఎలా ఉండేదో గుర్తుచేసుకుంటూ పీల్చాలి. గుర్తుచేసుకుంటూ అన్నమాట వదిలేయకండి. మీ హాన్ సాంగుంగ్ చెప్పిందానికి దగ్గరగా ఉన్నది నాకు తెలిసి ఇదే. అందరికీ తిరిగొస్తుందని చెప్పలేను, నెలలు పట్టొచ్చు. మధ్యలో కాఫీ, ఉల్లిపాయ, వేయించిన మాంసం లాంటివి కాలిన రబ్బరులా వంకరగా వాసన వేయొచ్చు. అది చూసి భయపడకండి, నరాలు మళ్ళీ అల్లుకునేటప్పుడు చాలామందికి అలా అవుతుంది.

సీరియల్‌లో జాంగ్‌గుమ్‌కి తేనెటీగలతో కుట్టించే వైద్యం వల్ల రుచి తిరిగొస్తుంది. దయచేసి ఎవరూ ప్రయత్నించకండి. కొందరికి ఒక్క తేనెటీగ కుడితేనే ప్రాణం మీదికి వస్తుంది.

గ్యాస్ సంగతి ఇవాళే చూడండి. లీక్ అలారం, ఇంత సమయానికి దానంతటదే ఆపేసే టైమర్ వాల్వ్, రెండూ పెట్టించుకోండి. ఫ్రిజ్‌లో ప్రతి డబ్బా మీద తేదీ రాయండి.


పాతరాతలు, సియోల్ (నవంబర్ 6)

జాంగ్‌గుమ్ అసలు ఉందా అని నన్ను చాలామంది అడుగుతారు కాబట్టి ఇక్కడ కూడా రాసేస్తాను. ఉంది. అప్పట్లో కొరియాని ఏలిన జోసోన్ రాజవంశపు దినవృత్తాంతాల్లో, 1515 నుంచి 1544 మధ్య, ఆమె పేరు కొన్నిచోట్ల వస్తుంది. వైద్యురాలిగానే. 1544లో జబ్బుపడిన జుంగ్‌జోంగ్ తన జబ్బు సంగతి వైద్యురాలికి తెలుసు అన్నట్టుగా రాసి ఉంది. ఒక రాజు తన ఒంటి సంగతి ఒక ఆడమనిషికి వదిలేయడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. కానీ ఆమె వంట చేసిందని ఎక్కడా లేదు. ఆ సగం రచయిత్రి కిమ్ యంగ్-హ్యున్ అల్లింది. అంతేకాదు, జోసోన్ కోటలో బరువైన వంట పనంతా చాలావరకు మగ వంటవాళ్ళదే, వాళ్ళని సుక్సు అనేవాళ్ళు.

ఇది తెలిశాక సీరియల్ మీద నాకు ఇష్టం తగ్గలేదు. ఎందుకంటే తెర మీద కనిపించే వంట అబద్ధం కాదు. చివరి రాజుల కాలంలో కోట వంటశాలలో పనిచేసిన సాంగుంగ్ హాన్ హి-సున్ దగ్గర హ్వాంగ్ హే-సోంగ్ అనే ఆవిడ కూర్చుని నేర్చుకుంది. ఆ వంట 1971లో ముఖ్యమైన అమూర్త సాంస్కృతిక సంపదగా నమోదైంది. హ్వాంగ్ కూతురు హాన్ బోక్-ర్యో ఈ సీరియల్‌కి వంటల సలహాదారు. అంటే మనం చూసే పళ్ళేలు ఒక సాంగుంగ్ చేతి నుంచి మూడో చేతికి వచ్చినవి.

ఇంకో గమ్మత్తు. సీరియల్‌లో బల్లల మీద ఎరుపు ఎంత తక్కువ ఉంటుందో చూడండి. మిరపకాయ కొరియాకి వచ్చింది 16వ శతాబ్దం చివర, జపాన్‌తో యుద్ధం నాటికి. 1614లో వచ్చిన జిబోంగ్ యుసోల్ అనే గ్రంథంలో దాన్ని జపాన్ ఆవాలు అన్నారు. జుంగ్‌జోంగ్ తిన్న కిమ్చిలో కారం లేదు.

నీలిగిన్నె గారూ, మీ ఊళ్ళోని పాత రాజభవనం హ్వాసోంగ్ హేంగ్‌గుంగ్‌లోనే కొన్ని సీన్లు తీశారు, నడిచి వెళ్ళి చూడొచ్చు. సియోల్ వస్తే గ్యోంగ్‌బోక్‌గుంగ్ రాజభవనంలో సోజుబాంగ్ చూడండి. జపాన్ వలస పాలనలో కూల్చేసిన రాజు వంటశాలని తిరిగి కట్టి 2015లో తెరిచారు. టికెట్ 3,000 వోన్, మంగళవారం సెలవు. పక్కనే సెంగ్వాబాంగ్‌లో రాజకుటుంబం తినే తీపి పలహారాలు, టీ ఇచ్చే కార్యక్రమం కొన్ని కాలాల్లో ఉంటుంది, దానికి ముందే బుక్ చేసుకోవాలి.


చినుకు (నవంబర్ 7)

జాంగ్‌గుమ్ అయిపోయాక దిగులు వేస్తుంది, అప్పటికి చెబుతున్నాను. 2010లో వచ్చిన పాస్తా చూడండి, గోంగ్ హ్యో-జిన్ ఉంది. ఇటాలియన్ రెస్టారెంట్ వంటింట్లో చెమటలు, అరుపులు, కాలిన చేతులు, అన్నీ నిజంగా అనిపిస్తాయి. తినడం చూడాలంటే లెట్స్ ఈట్. అయితే అది వాసన పోయినప్పుడు చూడాల్సింది కాదు అక్కా, వచ్చాక చూడండి.


నీలిగిన్నె, సువాన్ (డిసెంబర్ 9)

నెల దాటింది, ఇప్పుడే తీరిక దొరికింది. ముందు అందరికీ కృతజ్ఞతలు.

జేపీ గారూ, క్లినిక్‌కి వెళ్ళాను. ముక్కులో గొట్టం పెట్టి చూశారు, అడ్డేమీ లేదన్నారు. వాసన వ్యాయామమే చెప్పారు, మీరు రాసిన నాలుగే. సీసాలు వంటింటి కిటికీ దగ్గర పెట్టుకున్నాను. పొద్దున పాప బడికి వెళ్ళాక ఒకసారి, రాత్రి ఒకసారి. లవంగం దగ్గర ఎక్కువసేపు ఉంటాను. టైమర్ వాల్వ్ కూడా పెట్టించాం.

తాబేలునడకా, నువ్వు చెప్పినట్టే చేశాను. మొదటిరోజు పాప స్టూల్ వేసుకుని నా పక్కన నిలబడింది. పాలకూర కలుపుతూ ఒక రెమ్మ నోట్లో పెట్టాను. కళ్ళు మూసుకుని నమిలి, "నూనె చాలు, ఉప్పు ఇంకో కొంచెం, నువ్వులు నలిపి వెయ్యి, మొత్తంగా వద్దు" అంది. ఏడేళ్ళ పిల్ల! నలిపిన నువ్వులంటే దానికి ఇష్టమని నాకు ఇన్నాళ్ళూ తెలియదు. వాసన ఉన్నప్పుడు నేనే చూసుకుని నేనే సరే అనుకునేదాన్ని, ఎవరినీ అడగలేదు. మావారిని కూడా అడిగాను. ఆయనకి ద్వెంజాంగ్ జిగే పలచగా కావాలట, అందులో తోఫు కన్నా గుమ్మడికాయ ఎక్కువ ఉండాలట. పెళ్ళయిన పదకొండేళ్ళకి చెప్పారు. నువ్వడగలేదు కదా అన్నారు.

పోయిన శనివారం హల్మోని ఇంట్లో కిమ్‌జాంగ్, అంటే చలికాలానికి సరిపడా కిమ్చి పెట్టుకోవడం. ఇద్దరు కోడళ్ళు, కూతురు, నేను. ఉప్పులో ఊరిన క్యాబేజీలు ముందురోజే కడిగి బోర్లించి ఉన్నాయి. పెద్ద ఎర్ర బేసిన్‌లో సన్నగా తరిగిన ముల్లంగి, మిరప్పొడి, ఉప్పు రొయ్యలు, చేపల సాస్, వెల్లుల్లి, అల్లం, బియ్యప్పిండి జావ. రబ్బరు తొడుగులు మోచేతుల దాకా వేసుకుని అందరం చుట్టూ కూర్చున్నాం. ఇంట్లోకి అడుగుపెట్టగానే అందరూ వాసన భలే ఉందన్నారు. నాకు ఏమీ లేదు. కాసేపు తల దించుకుని ఆకులు విడదీస్తూ కూర్చున్నాను.

హల్మోని క్యాబేజీ లోపలి పసుపు ఆకు ఒకటి తుంచి, అందులో కొంచెం మసాలా చుట్టి, కోడళ్ళని దాటి నా నోటి దగ్గరికి తెచ్చింది. "కాన్ చూడు" అంది. అందరూ నా వైపు చూశారు. నాకు వాసన లేదని ఆవిడకి తెలుసు. తెలిసే పెట్టింది.

నమిలాను. ముందు ఆకు కరకర, దాని నీళ్ళ తీపి. తర్వాత మిరప మంట నెమ్మదిగా, అల్లం ముక్కు ఎముక దగ్గర చురుక్కున. ఉప్పు ఉంది కానీ నాలుక మధ్యలోనే ఆగిపోయింది, చివరి దాకా రాలేదు. ముల్లంగి ఇంకా నీళ్ళు వదులుతుంది, అప్పుడు ఇంకా తగ్గుతుంది. పోయిన ఏడాది ఇదే బేసిన్ దగ్గర ఉప్పు ఎలా తగిలిందో గుర్తుచేసుకున్నాను. పక్కపక్కన పెట్టి చూసుకున్నట్టు అనిపించింది. "కొంచెం తక్కువైంది" అన్నాను. హల్మోని తనూ ఒక ఆకు తిని, ఏమీ మాట్లాడకుండా ఇంకో గరిటె ఉప్పు రొయ్యలు వేసి కలిపింది. పెద్ద కోడలు మళ్ళీ చూసి తలూపింది.

తర్వాత ఉడకబెట్టిన పంది మాంసం, కొత్త కిమ్చి చుట్టుకుని తిన్నాం. నాకు వచ్చిన రెండు డబ్బాల మీద హల్మోని తేదీ రాసిచ్చింది.

పాతరాతలు గారూ, మీరు రాసింది ఆవిడకి చెప్పాను, రాజు తిన్న కిమ్చిలో కారం లేదట అని. నమ్మలేదు. సోజుబాంగ్ చూడటానికి నాతో వస్తానంది, వసంతం రానిమ్మంది.

సీరియల్ హాన్ సాంగుంగ్‌ని కోట నుంచి తీసుకెళ్ళే దగ్గర ఆపేశాను. ఇకముందు ఒక్కదానివే చూడొద్దని హల్మోని చెప్పింది. శుక్రవారం ఆవిడ ఇంట్లో కలిసి చూస్తాం.

జేపీ గారూ, చివరగా ఒకటి. నిన్న పొద్దున నువ్వుల నూనె మూత తీస్తే ముక్కులో ఏదో తగిలింది. నువ్వుల వాసన కాదు, కాలిన రబ్బరులా, చాలా చెడ్డగా. మూత పెట్టి మళ్ళీ తీశాను, మళ్ళీ వచ్చింది. ఇవాళ మూడుసార్లు చూశాను, మూడుసార్లూ వచ్చింది. మీరు చెప్పిన ఆ వంకర వాసన ఇదేనా?